ఇంక్రిమెంట్ 50 వేలు, పన్ను 52 వేలు: అందరికీ ఒకే రేటు పెడితే తీరే బాధేనా ఇది?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాను. ఒక ఐటీ కంపెనీలో సపోర్ట్ ఇంజనీర్‌ని. మొన్నటిదాకా జీతం 12 లక్షల 75 వేలు, ఇన్‌కమ్ ట్యాక్స్ సున్నా. ఈమధ్య 50 వేలు పెంచారు. ఇంట్లో స్వీట్లు కూడా పంచుకున్నాం. తీరా జీతాల విభాగం పంపిన లెక్క చూస్తే ఏడాదికి పన్ను 52 వేలట! పెరిగిందంతా పోగా ఇంకో 2 వేలు నా చేతినుంచి పడుతోంది. మా నాన్న రిటైర్డ్ టీచర్. 'ఆ ఇంక్రిమెంట్ వద్దని రాసిచ్చెయ్‌రా' అంటున్నారు. మా టీమ్‌లో ఒకాయన మాత్రం 'ఈ శ్లాబులన్నీ ఎత్తేసి అందరికీ 15 శాతం పెట్టాలి, రష్యా 13 శాతం పెట్టి బాగుపడింది' అంటాడు. నాకూ అదే న్యాయంగా తోస్తోంది. ఎక్కువ కష్టపడితే ఎక్కువ శాతం కట్టడమేంటి? ఆర్థికశాస్త్రం ఏమంటుంది? ఇంక్రిమెంట్ వద్దనేదా?
(పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: ముందు ఒక మాట. మీ జీతాల విభాగం తప్పు లెక్క వేయలేదు. నేనూ కాగితం మీద వేసి చూశాను, అంతే వచ్చింది.

2025-26 నుంచి అమలవుతున్న కొత్త విధానం రేట్ల ప్రకారం చూద్దాం. 13,25,000లో స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేస్తే 12,50,000. అందులో మొదటి 4 లక్షలకు పన్ను లేదు. తర్వాతి 4 లక్షలకు 5 శాతం చొప్పున 20 వేలు. ఆ తర్వాతి 4 లక్షలకు 10 శాతం, 40 వేలు. మిగిలిన 50 వేలకు 15 శాతం, 7,500. మొత్తం 67,500. అయితే 12 లక్షలు దాటింది 50 వేలే కాబట్టి పన్ను అంతకు మించకూడదని చట్టంలో మార్జినల్ రిలీఫ్ ఉంది. దానివల్ల 17,500 తగ్గి పన్ను 50 వేలైంది. దాని మీద 4 శాతం సెస్సు 2 వేలు. రిలీఫ్ లెక్క సెస్సు కంటే ముందే ముగుస్తుంది. అందుకే ఆ 2 వేలు మీ నెత్తిన పడ్డాయి. వేలల్లో చూస్తే చిన్న మొత్తమే. కానీ జీతం పెరిగి చేతికొచ్చేది తగ్గడమంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది, మీ కోపంలో తప్పేమీ లేదు.

కాకపోతే కోపం శ్లాబుల మీదకు వెళ్లింది. వాటి తప్పు ఇందులో లేదు. కొత్త శ్లాబులోకి వెళ్తే జీతమంతటి మీదా కొత్త రేటు పడుతుందని మనవాళ్లలో చాలామంది భయపడతారు (బహుశా మీ నాన్నగారు కూడా). అలా జరగదు. 15 శాతం పడింది 12 లక్షలు దాటిన ఆ 50 వేల మీదే, 7,500 మాత్రమే. మిగతాదంతా రిబేటు చేసిన పని. పన్ను లెక్కలోకి వచ్చే ఆదాయం 12 లక్షల లోపు ఉన్నంతకాలం, శ్లాబుల ప్రకారం పడాల్సిన 60 వేలనూ రిబేటు పేరుతో మాఫీ చేస్తారు. 12 లక్షలు దాటగానే ఆ మాఫీ వెనక్కి తీసుకుంటారు. శ్లాబులు మెట్లయితే ఇది మెట్ల మధ్య కట్టిన గోడ. ఆదాయం 12 లక్షల నుంచి దాదాపు 12 లక్షల 70 వేల దాకా ఈ గోడ ఉంటుంది. ఆ మధ్యలో మీరు సంపాదించే ప్రతి రూపాయికీ రూపాయి పన్ను, పైన నాలుగు పైసల సెస్సు. అది దాటాక మళ్లీ 15 శాతమే.

గోడ ఎందుకు కట్టారంటే డబ్బు కోసం. 12 లక్షల దాకా అందరికీ సున్నా శ్లాబు ఇచ్చి, ఆపైన ఇప్పటి రేట్లే ఉంచితే గోడ ఉండేది కాదు. కానీ అప్పుడు 40 లక్షలవాడికీ 4 కోట్లవాడికీ కూడా తలా 60 వేలు మిగిలేవి. ఆ సొమ్ము వదులుకోవడం ఇష్టం లేక మాఫీని కిందివాళ్లకే పరిమితం చేశారు. కిందివాళ్లకు ఇచ్చి పైవాళ్లకు ఇవ్వకూడదంటే మధ్యలో ఎక్కడో ఒకచోట వెనక్కి లాక్కోవాల్సిందే. ఆ చోట మీరు నిలబడ్డారు.

ఇప్పుడు మీ స్నేహితుడి వాదన. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను, అందులో నిజంగానే బలముంది. మనిషి ఓవర్‌టైమ్ చేయాలా వద్దా, ప్రమోషన్ తీసుకోవాలా, లెక్కల్లో చూపించాలా దాచాలా అని ఆలోచించేటప్పుడు అతను చూసేది మొత్తం పన్ను కాదు, తర్వాత వచ్చే రూపాయి మీద పడే పన్ను. 'ఇంక్రిమెంట్ వద్దని రాసిచ్చెయ్' అన్నప్పుడు మీ నాన్నగారు చేసింది సరిగ్గా ఈ ఆలోచనే. ఆర్థికవేత్తలు దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్తారు. రేటు రెట్టింపైతే పన్నువల్ల పనికీ వ్యాపారానికీ కలిగే నష్టం రెట్టింపు కాదు, సుమారు నాలుగింతలవుతుందని వాళ్ల లెక్క. అంటే నష్టం, రేటు వర్గంలా (రేటును రేటుతోనే గుణిస్తే వచ్చే అంకెలా) పెరుగుతుంది. ఇద్దరిలో ఒకరిపై 10, ఇంకొకరిపై 30 శాతం వేశారనుకోండి. వర్గాలు 100, 900, కలిపితే 1000. ఇద్దరిపైనా 20 వేస్తే 400, 400, మొత్తం 800. ఇద్దరి ఆదాయం ఒకటే అయితే వసూలూ ఒకటే, నష్టం మాత్రం తక్కువ. నిజ జీవితంలో ఇద్దరి ఆదాయమూ ఒకటి కాదు కాబట్టి లెక్క ఇంత సాఫీగా ఉండదు. అయినా ఒకే రేటు వాదానికి గుండెకాయ ఇదే.

రెండో బలం, దొంగదారులు తగ్గడం. మన ఇళ్లలో అమ్మ పేరు మీద ఎఫ్‌డీ ఎందుకు వేస్తాం? హెచ్‌యూఎఫ్ (హిందూ ఉమ్మడి కుటుంబం) పేరుతో వేరే ఖాతా తెరవమని ఆడిటర్ ఎందుకు చెబుతాడు? నా రూపాయికి 30 శాతం, ఆమె రూపాయికి 5 శాతం కాబట్టి. అందరి రూపాయికీ ఒకటే రేటైతే రూపాయిని ఈ జేబులోంచి ఆ జేబులోకి మార్చి లాభం లేదు. బ్యాంకు కోసుకునే టీడీఎస్సే ఆఖరి పన్నవుతుంది. అమెరికాలో 1980ల మొదట్లో హూవర్ ఇన్‌స్టిట్యూషన్‌కు చెందిన రాబర్ట్ హాల్, ఆల్విన్ రబుష్కా 19 శాతం ఒకే రేటుతో వేసిన పథకం గొప్ప ఆకర్షణ కూడా అదే. పన్ను రిటర్ను ఒక పోస్టుకార్డు మీద పట్టేస్తుందని వాళ్లు చూపించారు.

రేట్లు మితిమీరితే ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. 1973-74లో మన దేశంలో 11 శ్లాబులుండేవి. 2 లక్షలు దాటిన ఆదాయం మీద సర్‌చార్జితో కలిపి 97.75 శాతం పన్ను. వందలో మిగిలేది రెండుంపావు. ఆ రెండుంపావు కోసం నిజం చెప్పేవాడెవడు? ఇంత రేటే ఎగవేతకు దారి చూపిస్తోందని ప్రత్యక్ష పన్నుల మీద ప్రభుత్వం వేసిన వాంఛూ కమిటీ అంతకుముందే చెప్పింది. 1974-75లో 77 శాతానికి దించారు. 1985లో వి.పి.సింగ్ 50 చేశారు. 1997లో చిదంబరం 10, 20, 30 అని మూడు రేట్లు పెట్టారు. అంటే మీ స్నేహితుడు గెలవాలనుకుంటున్న యుద్ధంలో పెద్ద భాగం మీరు పుట్టే నాటికే గెలిచేశారు. (శ్లాబులు మళ్లీ పెరిగి సున్నాతో కలిపి ఏడయ్యాయి, అది వేరే సంగతి. ఏడు గుణకారాలు కంప్యూటరే చేస్తుంది, అందులో కష్టమేమీ లేదు.)

ఇంకా వెనక్కి వెళ్తే బాపట్ల జిల్లా మోటుపల్లి శాసనం ఉంది. అంతకుముందు రాజులు ఓడలు తుపానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా లాక్కునేవారు. నేను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని 1244 ప్రాంతంలో కాకతి గణపతిదేవుడు రాతిమీద చెక్కించి సముద్ర వర్తకులకు అభయమిచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద ముప్పయ్యో వంతు. అది ఆదాయపు పన్ను కాదు, రేవు సుంకం. అయినా రేటు ముందే తెలియడం వర్తకుడికి ఎంత ధైర్యమో ఆయనకు అర్థమైంది.

సరే, వాదానికి బలముంది. మరి '15 శాతం' మాటేమిటి? లెక్క వేద్దాం. ఇప్పటిలాగే మొదటి 4 లక్షలకు పన్ను లేదనుకుందాం. ఆపైన అందరికీ 15 శాతం, రిబేటు లేదు. సెస్సూ సర్‌చార్జీ పక్కన పెడదాం. మీ 12.5 లక్షల్లో 8.5 లక్షల మీద 15 శాతమంటే 1,27,500. ఇప్పుడు మీరు కట్టేది 50 వేలు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది కదా!

మీ మేనేజర్‌కో డైరెక్టర్‌కో 60 లక్షల ఆదాయం ఉందనుకోండి. ఇప్పుడు ఆయన పన్ను 13.8 లక్షలు. ఒకే రేటులో 8.4 లక్షలు. ఆయనకు 5.4 లక్షలు మిగులుతాయి, మీకు 77,500 ఎక్కువవుతుంది. ఇద్దరికీ మధ్య గీత ఎక్కడుందో చూస్తే కచ్చితంగా 24 లక్షల దగ్గర తేలింది. అక్కడ ఇప్పటి లెక్కలోనూ 3 లక్షలే, 15 శాతం లెక్కలోనూ 3 లక్షలే. దానికంటే తక్కువ ఆదాయం ఉండి పన్ను పరిధిలోకి వచ్చే ప్రతివాడికీ పెరుగుతుంది. దానికంటే పైనున్న ప్రతివాడికీ తగ్గుతుంది. టీమ్ లంచ్‌లో ఈసారి ఆ చర్చ వస్తే మీ స్నేహితుడి జీతమెంతో ముందు అడగండి.

అయితే ఇక్కడితో ఆపితే ఒకే రేటుకు నేను అన్యాయం చేసినట్టే. ఇంకో రకంగా కూర్చి చూడండి. 12 లక్షల దాకా నిజమైన సున్నా, రిబేటు కాదు. ఆపైన ప్రతి రూపాయికీ అందరికీ 30 శాతం. ఇదీ ఒకే రేటే. అప్పుడు మీ పన్ను 50 వేలకు 30 శాతం, 15 వేలు. పెంపులో 35 వేలు మీ ఇంటికొస్తాయి. గోడ కూలిపోయింది. 16 లక్షలవాడికి ఇప్పుడూ అప్పుడూ 1.2 లక్షలే. 16 దాటినవాళ్లకు కొంచెం కొంచెంగా పెరుగుతూ పోయి, 24 లక్షల పైన అందరికీ సమానంగా 60 వేలు పెరుగుతుంది. 60 లక్షలవాడు 13.8కి బదులు 14.4 లక్షలు కడతాడు.

ఇంకో విశేషం గమనించండి. ఈ 'ఒకే రేటు'లో మీ మొత్తం ఆదాయంలో పన్ను వాటా 1.2 శాతం. 24 లక్షలవాడికి 15 శాతం. 60 లక్షలవాడికి 24 శాతం. ఎక్కువ సంపాదించేవాడు ఎక్కువ శాతం కడుతూనే ఉన్నాడు! రేటు ఒకటే అయినా మొదట్లో సున్నా భాగం ఉంటే చాలు, పన్ను దానంతటదే ఆదాయంతోపాటు పెరుగుతుంది. అందుకే నాకు 'శ్లాబులా, ఒకే రేటా' అన్న చర్చ మీద అంత ఆసక్తి లేదు. సున్నా ఎక్కడ ఆగుతుంది, ఆగాక రేటెంత? ఈ రెండు అంకెలు చెప్పకుండా ఫ్లాట్ ట్యాక్స్ అన్నవాడు మీకు అట్ట మాత్రమే చూపించి పుస్తకం అమ్ముతున్నట్టు లెక్క.

30 శాతం రకానికీ లోపం ఉంది, దాచను. 12 లక్షలు దాటీ దాటగానే తర్వాతి రూపాయి మీద 30 శాతం పడుతుంది, ఇప్పుడు గోడ దాటాక 15 శాతమే. 13 నుంచి 20 లక్షల మధ్య ఉన్న మధ్యతరగతి ఉద్యోగికి ఇంకా పైకెళ్లాలన్న ఉత్సాహం కాస్త తగ్గొచ్చు. నష్టం రేటు వర్గంలా పెరుగుతుందన్న సూత్రమే ఇక్కడ ఎదురు తిరుగుతుంది. ఆ పరిధిలో ఉన్న జనమూ తక్కువ కాదు.

రష్యా సంగతి. 2001కి ముందు అక్కడ 12, 20, 30 శాతం రేట్లుండేవి. 2001లో 13 శాతం ఒక్కటే పెట్టారు. మరుసటి ఏడాది ఆదాయపు పన్ను వసూళ్లు ధరల పెరుగుదల తీసేసినా నాలుగో వంతు పెరిగాయి. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. తర్వాత అంతర్జాతీయ ద్రవ్యనిధికి చెందిన ఆర్థికవేత్తలు కుటుంబాల లెక్కలు తీసి చూస్తే, రేటు తగ్గినవాళ్లు అందువల్ల ఎక్కువ పనిచేసినట్టు కనిపించలేదు. జీతాలు అప్పుడు ఎటూ పెరుగుతున్నాయి, వసూళ్లలో చాలా భాగం దాని పుణ్యమే. ఎగవేత తగ్గిన మాట మాత్రం నిజం. 2009లో ఇంకో ముగ్గురు చేసిన అధ్యయనంలోనూ దాదాపు అదే తేలింది: దాచింది బయటికొచ్చింది, కొత్తగా పుట్టిన సంపద మాత్రం తక్కువ. ఇక మీ స్నేహితుడికి ఎవరూ చెప్పని సంగతి. రష్యా 2021లో పెద్ద ఆదాయాలకు 15 శాతం చేర్చింది. 2025 నుంచి 13, 15, 18, 20, 22 అని అయిదు మెట్లు పెట్టింది. స్లొవేకియా 2004లో 19 శాతం పెట్టి 2013లో వదిలేసింది. చెక్, లాత్వియా, లిథువేనియాలూ వెనక్కొచ్చాయి. బల్గేరియా 10 శాతంతోనూ, హంగరీ 15తోనూ ఉన్నాయి. కాబట్టి ఒకే రేటు ఎక్కడా నిలవలేదనడమూ అబద్ధమే.

వీటన్నిటిలో మీకు పనికొచ్చేది ఎస్తోనియా కథ. యూరప్‌లో 1994లో అందరికంటే ముందు మొదలెట్టిన దేశాల్లో అదొకటి. అప్పుడు 26 శాతం, తర్వాత 20, ఇప్పుడు 22. ఒకే రేటు పాటకు పల్లవి అనదగ్గ దేశం. 2018లో అక్కడి ప్రభుత్వం తక్కువ జీతగాళ్లకు మేలు చేద్దామని నెలకు 500 యూరోల దాకా పన్ను మినహాయించింది. పైవాళ్లకు ఇవ్వడం ఇష్టం లేదు. అందుకని నెల జీతం 1,200 యూరోలు దాటినప్పటి నుంచి ఆ మినహాయింపును కొంచెం కొంచెంగా కోస్తూ 2,100 దగ్గర సున్నా చేసింది. ఏమైంది? రేటు 20 శాతమే అని చట్టంలో ఉంది, కానీ ఆ మధ్యలో ఉన్న నర్సుకూ టీచరుకూ తర్వాతి యూరో మీద 31 శాతం పడింది. దానికంటే పైనున్నవాడికి మళ్లీ 20. జనం దానికి ఒంటె మూపురంలాంటి పేరే పెట్టి తిట్టుకున్నారు. చివరికి 2026 నుంచి తీసేసి అందరికీ ఒకే మినహాయింపు ఇచ్చారు. అర్థమైంది కదా, శ్లాబులే లేని దేశంలోనూ మీ గోడ మొలిచింది. కిందివాడికి ఇచ్చింది మధ్యలో వెనక్కి లాక్కుంటే రేట్లు ఎన్నైనా అదే గతి.

న్యాయం గురించి అడిగారు. ఇది ఆర్థికశాస్త్రం ఒక్కటే తేల్చే విషయం కాదు, నా అభిప్రాయం చెబుతాను. మీ పే స్లిప్‌లో నెలకు 200 వృత్తిపన్ను ఉంటుంది చూడండి. తెలంగాణలో 21 వేల జీతగాడికీ 200, మీకూ 200, మీ డైరెక్టర్‌కూ 200. సబ్బు కొంటే పనిమనిషి కట్టే జీఎస్టీ 5 శాతం, మీరు కట్టేదీ 5 శాతం. మనిషి సంపాదన చూడకుండా వేసే పన్నులు ఇప్పటికే బోలెడు. పేదవాడు సంపాదించిందంతా ఖర్చుపెడతాడు కాబట్టి వాటి బరువు అతని మీదే ఎక్కువ. ఆదాయపు పన్ను ఒక్కటీ అటువైపు వంగిన తక్కెడను కొంచెం ఇటు వంచుతోంది. దాన్నీ బల్లపరుపు చేస్తే మొత్తం మీద కిందివాడు ఎక్కువ శాతం కట్టే ప్రమాదం ఉంది. అందుకని నాకు సున్నా భాగం పెద్దదిగా ఉన్న ఒకే రేటైతే అభ్యంతరం లేదు, మీ స్నేహితుడి 15 శాతమైతే ఒప్పుకోను.

ఒకే రేటు ముట్టుకోలేని జబ్బు ఇంకోటి ఉంది. జీతం మీద 30 శాతం దాకా పన్ను పడుతుంది. అదే డబ్బు ఏడాదికి పైగా ఉంచిన షేర్లు అమ్మి సంపాదిస్తే, 1.25 లక్షలు దాటినదానికి 12.5 శాతమే. పొలం మీద ఆదాయమంటే అసలు పన్నే లేదు. శివారులో ఫాంహౌస్ ఉన్న పెద్దమనుషులు కొందరి జామతోటలు ఎకరానికి ఎంత కాస్తాయో వింటే వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు కూడా ముక్కున వేలేసుకుంటారు. రేట్లు ఏడున్నా ఒకటున్నా, ఏది ఆదాయమో ఏది కాదో చెప్పే పేజీ మారకపోతే అలాంటి తోటల దిగుబడి తగ్గదు.

ఇక ఇంక్రిమెంట్. వద్దనకండి. వచ్చే ఏడాది పెంపు, రేపు కంపెనీ మారితే అడిగే జీతం, గ్రాట్యుటీ, అన్నీ ఇప్పటి అంకె మీదే నడుస్తాయి. జీతం 13 లక్షల 46 వేలు దాటితే గోడ కూడా దాటేసినట్టే. అది ఒకటి రెండేళ్ల మాట.

ఈలోగా ఒక దారి ఉంది. కొత్త విధానంలో మీరు సొంతంగా ఎన్‌పీఎస్‌లో (జాతీయ పెన్షన్ పథకంలో) వేసుకుంటే పన్ను తగ్గదు. కానీ కంపెనీ మీ తరఫున వేస్తే, బేసిక్‌లో 14 శాతం దాకా మీ ఆదాయంలోంచి మినహాయిస్తారు. మీ బేసిక్ ఆరున్నర లక్షలనుకున్నా 91 వేల దాకా అవకాశం ఉంది. మీకు కావాల్సింది 50 వేలే. పెరిగిన 50 వేలనూ కంపెనీ వాటాగా ఎన్‌పీఎస్‌కు మళ్లించమని హెచ్‌ఆర్‌ను అడగండి. పన్ను లెక్కలోకి వచ్చే ఆదాయం మళ్లీ 12 లక్షలవుతుంది, పన్ను సున్నా. చేతికి పాత 12.75 లక్షలే వస్తాయి, అంటే ఇప్పుడు వస్తున్నదానికంటే 2 వేలు ఎక్కువే. పన్నుకు పోవాల్సిన 50 వేలు మీ పేరు మీద పెన్షన్ ఖాతాలో ఉంటాయి. ఆ డబ్బు చాలా ఏళ్లదాకా కదలదు, అది తెలిసే చేయండి. ఇంటి అడ్వాన్సుకో పెళ్లికో పనికొస్తుందనుకుంటే పొరపాటు. ఎఫ్‌డీ వడ్డీలాంటి వేరే ఆదాయం ఏదైనా ఉంటే అది కూడా కలిపి 12 లక్షలు దాటకుండా మొత్తం సరిచూసుకోండి. మీ జీతం నిర్మాణంలో ఈ వెసులుబాటు ఉందో లేదో కంపెనీని బట్టి ఉంటుంది. ఫిబ్రవరి దాకా ఆగితే 'ఈ ఏడాదికి కుదరదండీ' అంటారు, కాబట్టి ఈ వారంలోనే మెయిల్ పెట్టండి. రాసేటప్పుడు 'నా వాటా' అని కాకుండా 'కంపెనీ వాటా' అని స్పష్టంగా రాయండి. ఆ ఒక్క మాట తేడాతో 52 వేలు మళ్లీ కోతలోకి వెళ్లిపోతాయి.